ఓరుగంటి రేవు

ఓరుగల్లు కోటలో కీర్తితోరణముల నడుమ నిలిచి నలుదిక్కులు చూచువానికి నల్లరాయియు, ఎర్రమన్నును, అగడ్తనీరును, ఒంటిగా లేచిన ఏకశిలయు కనబడునే గాని సముద్రమను మాట తలపునకైనను రాదు. తీరము ఇచటికి 250 కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉన్నది. నడుమ మున్నేరును కృష్ణయు అడ్డముగా పారుచున్నవి. అట్లయ్యును, పదమూడవ శతాబ్దము చివర మన తీరముల వార్తలను పడమటి దేశములకు మోసికొనిపోయిన వెనీసు వర్తకుడు మార్కోపోలో, ఈ రాజ్యమును గూర్చి చెప్పవలసి వచ్చినపుడు, దానిని ఓరుగల్లు రాజ్యమనలేదు, కాకతి రాజ్యమనలేదు, ‘ముత్ఫిలి’ రాజ్యమనెను. ముత్ఫిలి యనగా మోటుపల్లి. ఒక రాజ్యమును దాని రాజధాని పేరున గాక దాని రేవు పేరున లోకము పిలిచినదన్నచో, ఆ రాజ్యపు తలవాకిలి ఎచట ఉండెనో వేరుగ చెప్పనక్కరలేదు.

నేను ఓరుగంటివాడను. వేయిస్తంభముల గుడి మెట్లమీద ఆడుకొని, భద్రకాళి చెరువుగట్టున చదువుకొని పెరిగినవాడను. మా బడులలో పిల్లలకు గొలుసుకట్టు చెరువుల సంగతి చెప్పుదురు. రామప్ప గుడి ఇటుక నీటిపై తేలునని చెప్పుదురు. రుద్రమదేవి శౌర్యము చెప్పుదురు. మోటుపల్లి పేరు మాత్రము పరీక్షకొరకు ఒక్క వాక్యముగా వల్లెవేయించి విడిచిపెట్టుదురు. ఆ ఒక్క వాక్యము వెనుక ఎంత ఇసుక, ఎంత ఉప్పు, ఎంత నూలు, ఎంత మానవశ్రమ ఉన్నదో చూడవలెనను కోరిక చిరకాలముగా నన్ను వెంటాడుచుండగా, ఫాల్గుణమాసమున ఒక వేకువజామున వరంగల్లు స్టేషనులో మద్రాసు వైపు పోవు బండి యెక్కితిని.

ఈ రైలుదారియే ఒక భూగోళపాఠము. మానుకోట దాటి డోర్నకలు చేరువరకు ఎర్రచెలకలు, తుమ్మచెట్లు, బండరాళ్ళ గుట్టలు. ఖమ్మము, మధిర సమీపించుకొలది నేల నల్లబడి, కళ్ళములలో ఎండబోసిన మిరపకాయ కిటికీలోనుండి ఘాటుగా పలుకరించును. బెజవాడలో కృష్ణ దాటినంతనే దృశ్యము మారిపోవును. 1855 నాటికి పూర్తియైన ఆనకట్ట పుణ్యమున కాలువ వెంట కాలువ, వరిమడి వెంట వరిమడి, తెనాలి మీదుగా కన్నులు చల్లబడునంత పచ్చదనము. ఆ పచ్చదనమే సముద్రము దాక సాగునని తలచితిని గాని, బాపట్ల దాటగానే డెల్టా నల్లమట్టి మెల్లమెల్లగా ఇసుకకు తావిచ్చి, తాటితోపులును, జీడిమామిడి తోటలును, సరుగుడు చెట్ల బారులును పొడసూపినవి. చీరాలలో దిగితిని.

చీరాలకు ఉత్తరమున కృష్ణా డెల్టాయు, దక్షిణమున గుండ్లకమ్మ ముఖద్వారమును, నడుమ సన్నని ఇసుకపట్టీ. ఈ పట్టీలో సముద్రమునకు సమాంతరముగా ఇసుకదిబ్బలు వరుసవరుసలుగా పరచుకొని ఉండును. ఒక్కొక్క వరుస ఒక్కొక్క కాలపు ఒడ్డు. నదులు మోసికొని వచ్చిన మన్నును, అలలు తిరిగి ఒడ్డుకు నెట్టిన ఇసుకయు కలిసి తీరమును తూర్పునకు జరిపినకొలది, పాత ఒడ్డు దిబ్బయై లోపల మిగిలిపోయినది. దిబ్బకును దిబ్బకును నడుమ పల్లపునేల. అందు చవుడు, బురద, పోటునీరు వచ్చి పోవు వాగులు. ఊళ్ళు దిబ్బలమీద నిలిచినవి, ఉప్పుమడులు పల్లములో పరచుకొన్నవి. కొమ్మమూరు కాలువ కృష్ణనీటిని పెదగంజాము వరకు తెచ్చి విడిచిపెట్టును. అచటినుండి బకింగుహాము కాలువ మొదలై మద్రాసు మీదుగా మరక్కాణము వరకు సాగును. 1876 మొదలు 1878 వరకు దేశమును దహించిన ధాతుకరవులో, కూడు కొరకు వచ్చిన బక్కచిక్కిన కూలీల చేతులతో ఈ కాలువలో కొంతభాగము తవ్వించిరి. రైలు రాకపూర్వము కృష్ణాతీరపు బియ్యము, ఈ దిబ్బల కట్టెలు, ఈ మడుల ఉప్పు మద్రాసునకు పడవలలో పోయినది ఈ నీటిమీదనే. ఇప్పుడు కాలువ చాలచోట్ల పూడి, గుర్రపుడెక్క అల్లుకొని, నిలిచిన నీరై యున్నది.

ఇసుకలో సేద్యమనిన మా తెలంగాణవారికి నమ్మశక్యము కాదు. వేటపాలెము దిక్కున ఒక తోటలో నేను చూచిన దొరువు నా మనస్సులో ఇంకను కదలుచున్నది. దొరువు అనగా ఇసుకలో తవ్విన వెడల్పాటి గుంట. ఒకవైపు నడిచి దిగుటకు వాలు. వానాకాలమున కురిసిన నీరు ఇసుకలోనికి ఇంకి, అడుగున నిండియున్న ఉప్పునీటితో కలియక, తేలిక గనుక దానిమీద పలుచని పొరగా నిలుచును. ఆ పొర రైతుకు ప్రాణము. తొందరపడి లోతుగా తవ్వినను, అత్యాశతో ఎక్కువ తోడినను అడుగుఉప్పు పైకి పొంగి దొరువు చెడిపోవును. చెడిన దొరువు మరల తియ్యబడుటకు వానలు రావలెను. ఒక నడివయస్సు రైతు రెండు చేతుల రెండు కడవలు ముంచుకొని, వాలెక్కి వచ్చి, ఆకుకూర మడిమీద వానజల్లు వలె నీరు చిలికి, మరల దిగుచుండెను. ఎన్ని మారులు దిగితివని అడిగితిని. “లెక్కబెడితే ఎక్కలేం సారూ” అనెను. బాపట్లలోని శాస్త్రజ్ఞులు ఈ పాత తెలివినే ఆధారము చేసికొని, ఇసుకపొరలో రంధ్రముల గొట్టములను అడ్డముగా పరచి, పైపొర నీరు మాత్రమే ఒక బావిలోనికి ఊరివచ్చునట్లు ఏర్పాటు కనిపెట్టిరి. పేరులేని పూర్వులు కడవతో నేర్చిన పాఠమును విజ్ఞానశాస్త్రము వినయముతో స్వీకరించిన సందర్భములు అరుదు, ఇది యొకటి.

మోటుపల్లి చినగంజాము మండలములోని చిన్న పల్లె. 1970లో ఏర్పడిన ప్రకాశము జిల్లాలో ఉండి, 2022 నుండి బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. రేవును చూడబోవుచున్నానని ఉత్సాహముతో పోయిన నాకు ఊరిలో అలల చప్పుడైన వినబడలేదు. సముద్రము తూర్పునకు జరిగి ఊరిని ఇసుకలో విడిచిపోయినది. తాటాకుల గలగలయే అచటి అలసవ్వడి. వీరభద్రుని గుడిలో ఒక శాసనస్తంభము ఉన్నది. శకవర్షము 1166, క్రోధి సంవత్సరము. అనగా క్రీస్తుశకము 1244-45. ఓరుగంటిని ఏలిన గణపతిదేవుడు సముద్రవర్తకులకు ఇచ్చిన అభయము ఆ రాతిమీద సంస్కృతములోను తెలుగులోను చెక్కబడియున్నది.

దాని సారము చెప్పుదును. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు మున్నగు సమస్తమును పూర్వరాజులు బలాత్కారముగా లాగుకొనెడివారు. సముద్రము ఇచ్చినది రాజునకే చెందునని ఆనాటి నీతి. గణపతిదేవుడు ఆ నీతిని త్రోసిపుచ్చి, ప్రాణముకంటె ధనమే మిన్నయని తలచి అంతటి అపాయమునకు ఒడిగట్టి సముద్రయానము చేయువారిపై దయ కలిగి, న్యాయమైన సుంకము తప్ప మిగిలినదంతయు వారికే విడిచిపెట్టుచున్నానని ప్రకటించెను. వచ్చు సరకుమీదను పోవు సరకుమీదను ముప్పదింట ఒక వంతు సుంకము. పిమ్మట చందనము, దేశపు కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి మొదలగు లోహములు, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు అను వానిమీద కట్టవలసిన పైకము వేరువేరుగా చెప్పబడినది.

ఈ శాసనమును చదివిన చరిత్రకారులు గణపతిదేవుని ధర్మబుద్ధిని కొనియాడుదురు, కొనియాడదగినదే. నేను దానిలో మరియొకటి కూడ చూచుచున్నాను. బంగాళాఖాతపు తీరమును ఆ రాజు ఎరుగును. ఈ ఒడ్డున కొండచాటు రేవులు లేవు. ఓడలు లోతునీటిలో దూరముగా లంగరు దించి నిలువవలెను. కొబ్బరిపీచు త్రాటితో పలకలను కుట్టి, ఒక్క మేకుకూడ లేకుండ కట్టిన మసూలా పడవలు అలలమీద వంగుచు లేచుచు పోయి సరకు దింపుకొని రావలెను. ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండములు తప్పవు. ఇట్టి చోటికి వర్తకుడు ఏల రావలెను? కోటలు కట్టి అతనిని రప్పింపలేము; సైన్యము పంపి అలలను ఆపలేము. మునిగినను నీ సొమ్ము నీదేయను మాట ఒక్కటే అతనిని రప్పింపగలదు. సముద్రమునకు ఎంతో దూరమున, రాతికోటలో కూర్చున్న రాజునకు ఈ గ్రహింపు ఎట్లు కలిగెను? బహుశః ఇంటినుండియే. కృష్ణాముఖద్వారమునందలి దివిసీమను జయించిన పిమ్మట ఆ సీమను ఏలిన అయ్యవంశపు ఆడపడుచులు నారాంబను, పేరాంబను గణపతిదేవుడు వివాహమాడెను. వారి సోదరుడు జాయపను గజసాహిణిగా చేసికొనెను. నృత్తరత్నావళి వ్రాసిన జాయపసేనాని ఇతడే. ఓరుగంటి అంతఃపురమున సముద్రపు ఉప్పుగాలి ఎరిగిన ఇల్లాండ్రు ఉండిరన్నమాట.

మార్కోపోలో చెప్పిన ముత్ఫిలి రాణి న్యాయమును ప్రేమించునది, ప్రజలచే ప్రేమింపబడునది. ఆమె రుద్రమదేవియే. చనిపోయిన రాజునకు భార్యయని అతడు పొరబడెను గాని, ఆమె గణపతిదేవుని కూతురు. ఆమె ఏలుబడి ఏండ్ల లెక్కయు తప్పు చెప్పెను. కాని ఆ రాజ్యపు వజ్రములను గూర్చియు, సాలెగూడు వలె సన్నని బట్టలను గూర్చియు వ్రాసినది చూచిన, సరకు అతని కంటికో చెవికో చాల దగ్గరగా తగిలినదని తోచును. కాకతీయులు పోయినను రేవు వెంటనే పోలేదు. 1358లో కొండవీటి అనవోతారెడ్డి మోటుపల్లి వర్తకులకు మరల అభయమిచ్చి శాసనము వేయించెను. శ్రీనాథుని హరవిలాసము అంకితమందిన అవచి తిప్పయసెట్టి కుటుంబము చీనా, సింహళ, హురుముంజి మొదలగు దూరదేశముల వస్తువులను తెప్పించి రాజునకు సమకూర్చెడిది. 1970 దశకములో ఇచట జరిగిన తవ్వకాలలో చీనా పింగాణీ పెంకులు బయటపడినవి. తరువాత మచిలీపట్టణము పెరిగినది. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు నిజాంపట్టణమున దిగిరి. మోటుపల్లి ఇసుకలో కప్పబడినది.

రేవు పోయినది గాని, రేవును పోషించిన పనులు పోలేదు. సాలెగూడువంటి బట్ట నేసిన చేతుల వారసులు చీరాల, పేరాల, వేటపాలెములలో నేటికిని మగ్గపుగుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నారు. ఇచటి తేలియా రుమాలు అరబ్బు దేశములకు తలగుడ్డగా పోయెడిది. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను దినముల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మరల నానబెట్టి, పడుగును పేకను రెంటిని లెక్కప్రకారము చిటికి కట్టి, ఎరుపు నలుపు రంగులలో ముంచి నేయుదురు. ఆ నూనెవాసనయే ఆ బట్టకు పేరైనది. ఎడారి ఎండలో తలను చల్లగా ఉంచునని కొనువారు నమ్మెడివారు. పట్టుచీరలకు, మరమగ్గములకు తావిచ్చి ఆ పని ఈ ఊళ్ళలో చాలవరకు మాసినది. ఈ నేతగాండ్లు మెత్తనివారని ఎవరును అనుకొనరాదు. 1921లో పురపాలకసంఘపు పన్నులు మోయజాలమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు ఊరంతయు ఇండ్లు విడిచి, ఇసుకమీద రామనగరమను పాకల పట్టణమును కట్టుకొని, వానలకు తడిసి, చలికి వణకి, దాదాపు పదునొకండు మాసములు నిలిచినవారు వీరు. 

చినగంజాము ఉప్పుమడులకు మిట్టమధ్యాహ్నము పోతిని. చెట్టు లేదు, నీడ లేదు. కనుచూపుమేర అద్దపుముక్కలు పరచినట్లు మడులు. భూమిలోని ఉప్పునీటిని తోడి మొదటి మడిలో నిలిపి, అది చిక్కబడినకొలది ఒక మడినుండి మరియొక మడికి జరిపి, తుదిమడిలో ఎండకును గాలికిని విడిచిపెట్టుదురు. ఆ తుదిమడి అడుగును ముందుగానే మనుష్యులు పాదములతో తొక్కి తొక్కి రాయివలె బిగింపవలెను. లేనిచో ఉప్పులో మట్టి కలియును. నీటిమీద మొదట మీగడ వంటి తెట్టు కట్టును. పిమ్మట అడుగున గింజ పడును. పొడుగాటి కర్రకు బిగించిన పలకతో దానిని మెల్లగా గట్టుకు లాగుచున్న ఒక స్త్రీ పాదములు చూచితిని. మడమలు పగిలి, ఆ పగుళ్ళలో తెల్లగా ఉప్పు మెరయుచున్నది. “మంటగా ఉండదా అమ్మా?” అంటిని. “మొదటి ఏడు ఉంటది” అనెను. ఒక్క అకాలవర్షము కురిసిన వారముల కష్టము కరగి నీరైపోవును. 1930లో ఉప్పుమీది పన్నును ధిక్కరించి జనము కదలినప్పుడు, ఒంగోలు దాపున దేవరంపాడు సత్యాగ్రహ శిబిరమైనది. ఆనాడు దేశము నోట మ్రోగిన ఉప్పు పేరు నేడు కిరాణాకొట్టులో అన్నిటికంటె చవుకైన పొట్లము.

ఇక రొయ్య. 1990 తరువాత ఈ తీరపు పల్లపునేలలు చెరువులైనవి. తెల్లమచ్చ తెగులు వచ్చి మొదటి తరము రైతులను కూల్చినది. 1996లో సుప్రీముకోర్టు తీరమునకు సమీపమున తవ్విన చెరువులను నిలువరించినది. అటుపిమ్మట వెన్నామీ రొయ్య వచ్చి మరల ఆశ రేపినది. దేశమున రొయ్య పండించుటలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానము, దాని పెద్ద అంగడి అమెరికా. 2025 ఆగస్టులో భారతసరకుపై ఆ దేశపు సుంకము నూటికి 50 వంతులకు చేరినపుడు, ఈ గట్లమీది రైతు రాత్రికి రాత్రి రొయ్యధర పడుట చూచెను. ముప్పదింట ఒక వంతు సుంకమును రాతిమీద చెక్కించిన రేవునకు కూతవేటు దూరమున ఇది జరిగినది. రొయ్యలచెరువు ఉప్పునీరు ఇసుకలోనికి ఊరి, ప్రక్కనున్న దొరువును చేదుచేయుటయు నేను విన్నాను. ఒకరి బ్రతుకుదెరువు మరియొకరి త్రాగునీటిని కాజేయకుండ చూచుట ప్రభువుల పని. ఆ పని ఇచట సరిగా జరుగలేదని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

సాయంకాలమునకు వాడరేవు చేరితిని. వాడ యనగా ఓడ. ఊరి పేరులోనే ఓడ ఉన్నది. ఒడ్డున పీపాల నీడలో వలలు, నైలాను త్రాళ్ళు, రంగుపూసిన ఫైబరు పడవలు. అప్పుడే దిగిన సరకును ఆడువారు గంపలకెత్తుచుండిరి: కవళ్ళు, మాగలు, చిన్న వంజరములు, చేతినిండ మెత్తళ్ళు. చైత్రములోనే వేట ఆగిపోవును. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పుతీరమున నిషేధము. ఆ దినములలో పెట్టుబడిదారు ఇచ్చిన అప్పు తిందురు. పిదప అప్పు ఇచ్చినవానికే, అతడు చెప్పిన ధరకే సరకు వేయుదురు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు వేలకొలది జనము ఒక్కరాత్రిలో పోయిరి. 1990 మేలో మరియొక పెనుతుఫాను. 2004 డిసెంబరు 26న సునామి. 2010లో లైలాయు, 2023లో మిచాంగును ఈ బాపట్ల తీరముననే నేల నెక్కినవి. ఈ సంవత్సరములను ఇచటివారు పంచాంగమువలె చెప్పుదురు. పిల్లల వయస్సు కూడ తుఫాను పేరుతోనే లెక్కింతురు.

వల చిక్కు తీయుచున్న ఒక వృద్ధుని ప్రక్కన ఇసుకలో కూర్చుంటిని. కాలిబొటనవ్రేలికి త్రాడు బిగించి, చీల్చిన కన్నును వెదకి, కట్టెసూదితో ముడి వేయుచుండెను. ఏ ఊరని అడిగెను. ఓరుగల్లు అంటిని. “ఆడ సంద్రం లేదుగా” అనెను. లేదు తాతా, కాని ఒకప్పుడు మా ఊరి రాజుకు ఈ ఒడ్డుమీద రేవు ఉండెడిదని, ఓడ పగిలినను ఒడ్డుకు వచ్చిన సరకు ఎవరిది వారికే విడిచిపెట్టవలెనని రాయి వేయించెనని చెప్పితిని. అతడు ముడి బిగించి, దారము పండ్లతో తెంచి, కొంతసేపు సముద్రము వంక చూచెను.

“సరుకు సరేనయ్యా. ఓడ తోలినోళ్ళు పోతే, ఆళ్ళ ఇంటోళ్ళకి ఏమిచ్చాడంట?”

శాసనమంతయు మనస్సులో మరల చదువుకొంటిని. బంగారము ఉన్నది, ఏనుగులు ఉన్నవి, గుర్రములు ఉన్నవి, రత్నములు ఉన్నవి. చందనమునకు ఎంత, పోకలకు ఎంత అని ఉన్నది. తెడ్డు వేసినవాని మాట ఆ రాతిమీద లేదు. ఆ సంగతి ఆ రాయి చెప్పలేదు తాతా అంటిని. అతడు తల ఊపి, చిరిగిన మరియొక కన్ను కొరకు వలను ఒడిలోనికి లాగుకొనెను. చీకటిపడువేళ ఒక పడవ మోటారు చప్పుడుతో అలలను చీల్చుకొని లోపలికి పోవుచుండెను; ఒడ్డున నిలిచిన ఒక చిన్నపిల్ల దాని దీపము చుక్కయై మాయమగువరకు చేయి ఊపుచునే ఉండెను.